రాత్రి మూడింటికి నిద్ర, పగలంతా దిగులు: ఒక ఇంటర్ విద్యార్థి కేసు

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి, అతని తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నిద్రకు, మనసుకు, చికిత్సకు సంబంధించినవి మార్చలేదు. నెల్లూరులో మానసిక వైద్యురాలిగా నా దగ్గరికి వచ్చే పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో చాలామందిని తల్లిదండ్రులు రెండే ఫిర్యాదులతో తీసుకొస్తారు: ఒకటి ఫోన్ పిచ్చి, రెండోది సోమరితనం. ఈ అబ్బాయి మీద ఆ రెండూ ఉన్నాయి. నిద్ర సమస్యను, మనసు సమస్యను విడివిడిగా అడిగి తెలుసుకుని, రెండింటికీ ఒకేసారి, దేనికి దానిగా వైద్యం చేయవలసి ఉంటుందన్న విషయం ఇతని కేసులో స్పష్టంగా కనిపించింది కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను.

అబ్బాయికి పదహారేళ్లు. ఊరు ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గర. తండ్రి వనామీ రొయ్యల గుంటలు చేస్తారు, కొద్దిగా వరి కూడా ఉంది. పదో తరగతి వరకు ఇంటి నుంచే బడికి వెళ్లి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఇంటర్ బైపీసీకి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. దీపావళికి ఇంటికి వచ్చినవాడు తిరిగి వెళ్లనని భీష్మించుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలకు నా దగ్గరికి తీసుకొచ్చారు.

తల్లి చెప్పింది ఇది: "రాత్రిళ్లు రెండు మూడు దాకా నిద్రపోడు మేడం. పొద్దన పది దాటినా లేవడు. లేపితే కసురుకుంటాడు. కాలేజీ మాటెత్తితే తలుపేసుకుంటాడు. ఫోన్ కూడా తీసేసుకున్నాం, అయినా అట్నే ఉండాడు." తండ్రి మాట వేరుగా ఉంది. "ఇరవై ఏళ్ల నుంచి గుంటల కాడ రాత్రిళ్లు మేలుకుంటా ఉండా. నాకేం కాలా. నీడపట్టున కూర్చోని చదువుకునే పిల్లోడికి నిద్ర పట్టకపోవడమేంది?" ఆయన మాటలో కోపం కన్నా అయోమయమే ఎక్కువ ఉంది. గుంట నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపు పంటంతా పోవచ్చు. అలాంటి రాత్రుల మీద బతికే మనిషికి కొడుకు మెలకువ అర్థం కాకపోవడం సహజం.

నా దగ్గరికి రాకముందు జరిగిన వైద్యంలో ఒక విషయం రాయక తప్పదు. బంధువు ఒకరు మందుల దుకాణంలో అడిగి ఆల్ప్రజోలం అనే మత్తు మాత్రలు తెచ్చి, రోజుకు అర మాత్ర చొప్పున కొన్ని రోజులు వేశారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు దుకాణదారు రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆ మాత్రతో అబ్బాయి త్వరగా పడుకున్నాడు కానీ, మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తుగా ఉండి, మరింత చిరాకు పడ్డాడు. వాడింది తక్కువ రోజులే కాబట్టి ఇబ్బంది లేకుండా ఆపించగలిగాను. ఎదిగే పిల్లలకు ఇంట్లోవాళ్లు సొంతంగా నిద్రమాత్రలు ఇవ్వడం నాకు తరచుగా ఎదురయ్యే విషయం. అలవాటు పడే ప్రమాదం అటుంచి, అసలు సమస్య ఏమిటో కనిపించకుండా పోవడం ఇందులోని పెద్ద నష్టం.

నిద్ర చరిత్ర

తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి, అబ్బాయితో విడిగా మాట్లాడాను. ఈ వయసు పిల్లలతో తొలి సమావేశంలో కొంతసేపైనా ఇలా మాట్లాడాలి. అతను చెప్పేది తల్లిదండ్రులకు చెప్పనని, ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం చెప్పవలసి వస్తుందని ముందే తెలియజేశాను. తర్వాత, రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో ఎన్నింటికి పక్క మీదికి చేరాడు, సుమారుగా ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచాడు, టీ ఎప్పుడు తాగాడు, పగలు కునుకు తీశాడా అన్నవి రాసుకురమ్మన్నాను. గడియారం చూసుకుంటూ రాయవద్దని, పొద్దున లేచాక గుర్తున్నంతలో రాస్తే చాలని చెప్పాను. రాత్రి పదేపదే టైము చూసుకోవడమే నిద్రను చెడగొడుతుంది.

అతను తెచ్చిన పుస్తకం ఈ కేసులో నాకు దొరికిన అన్ని ఆధారాలకన్నా విలువైనది. ఇంట్లో ఎవరూ లేపని రోజుల్లో రెండున్నర, మూడు మధ్య నిద్రపోయి పదకొండుకు లేచాడు. మధ్యలో మెలకువ దాదాపు లేదు. అంటే, వదిలేస్తే ఎనిమిది గంటల నిద్ర చక్కగా పోతోంది. అది పట్టే వేళ మాత్రం తప్పింది. హాస్టల్‌లో సంగతి వేరు. రాత్రి పదకొండుకు లైట్లు ఆర్పేవారు, పొద్దున ఐదుకు బెల్లు. లైట్లు ఆర్పాక రెండింటి దాకా చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకునేవాడు. రోజుకు మూడు గంటల నిద్రతో నెలల తరబడి గడిచింది. పొద్దున స్టడీ అవర్లో తూగితే నిలబెట్టేవారు. నిలబడే కునుకు తీయడం నేర్చుకున్నానని అతను మామూలుగా చెప్పాడు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. ఆ లెక్కన ఇతనికి అందింది సగం కూడా కాదు.

ఫోన్ సంగతి కూడా ఈ పుస్తకమే తేల్చింది. తల్లిదండ్రులు ఫోన్ తీసుకున్న తర్వాత రాసిన రోజుల్లోనూ నిద్ర పట్టిన వేళ మారలేదు. ఫోన్ వల్ల నష్టం లేదని నేను అనను: రాత్రి వెలుగు, నిద్రవేళ వచ్చిందని ఒంటికి చెప్పే హార్మోన్ అయిన మెలటోనిన్‌ను కొంత అణచివేస్తుంది, రీల్స్, ఆటలు మెదడును ఉసిగొల్పి ఉంచుతాయి. అయితే ఇతని విషయంలో అది మూలకారణం కాదు. పైగా, చిన్నప్పటి నుంచి కలిసి చదివిన ఒక స్నేహితుడితో అతను మాట్లాడేది ఆ ఫోన్లోనే. అది పోయాక ఉన్న ఆ ఒక్క తోడూ పోయింది.

యౌవనంలో నిద్ర వేళ ఎందుకు జరుగుతుందో తల్లిదండ్రులకు వివరించడానికి నేను ఎప్పుడూ కాస్త ఎక్కువ సమయమే తీసుకుంటాను, ఎందుకంటే సోమరితనమన్న నింద తొలగేది ఇక్కడే. నిద్రను రెండు శక్తులు నడిపిస్తాయి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు చేరి నిద్ర ఒత్తిడి పెరుగుతూ వస్తుంది. యౌవనంలో ఆ ఒత్తిడి చిన్నపిల్లల్లో కన్నా నెమ్మదిగా పెరుగుతుంది. రెండోది మెదడులోని జీవగడియారం. చీకటి పడ్డాక మెలటోనిన్ ఎప్పుడు విడుదల కావాలో అది నిర్ణయిస్తుంది. యౌవనంలో ఆ వేళ గంట నుంచి రెండు గంటల దాకా వెనక్కి, అంటే ఆలస్యానికి, జరుగుతుంది. ఇది ఏ ఒక్క దేశపు పిల్లలకో పరిమితమైన విషయం కాదు. అందువల్లనే హైస్కూళ్లు ఉదయం 8.30కి ముందు మొదలు కాకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో కోరింది, కాలిఫోర్నియాలో 2022 నుంచి అది చట్టంగా అమలవుతోంది. మన దగ్గర ఐదు గంటల బెల్లును క్రమశిక్షణ అనుకుంటున్నాం. ఇతని వంటి పిల్లవాడి శరీరానికి ఆ ఐదు గంటలు నడిరాత్రితో సమానం.

మనసు

నిద్ర వేళ తప్పడం ఒక్కటే అయితే, పదకొండుకు లేచిన పిల్లవాడు ఉత్సాహంగానే ఉండాలి. ఇతను అలా లేడు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్లు బరువుగా, మనసు మూతబడినట్టు ఉంటోందని చెప్పాడు. సాయంత్రాల క్రికెట్ మానేశాడు. తల్లి చేపల పులుసు చేసినా రెండు ముద్దలతో లేస్తున్నాడు. పుస్తకం తెరిస్తే ఒకే పేరా మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. "ఏందో మేడం, ఏదీ చెయ్యబుద్ధి కావడంలా" అన్నాడు. పెద్దల్లో దిగులుగా కనిపించే డిప్రెషన్ ఈ వయసులో చాలాసార్లు చిరాకుగా, కసురుకోవడంగా బయటపడుతుంది. పొగరనుకుని ఇంట్లో వాళ్లు తిరిగి కసురుతారు.

కాలేజీలో ప్రతి వారం పరీక్షలు పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. మొదటి సెక్షన్‌లో చేరినవాడు దసరా నాటికి రెండు సెక్షన్లు కిందికి దిగాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం అడిగినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రొట్టెల పండుగ సంగతి ఎత్తాడు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరికను బట్టి చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె పట్టుకోవడం, కోరిక తీరినవాళ్లు మరుసటి సంవత్సరం అదే రొట్టెను తెచ్చి ఇవ్వడం నెల్లూరు వాళ్లందరికీ తెలిసిందే. అతని తల్లి ఆ ఏడు చదువు రొట్టె పట్టుకుంది. "వచ్చే ఏడు అమ్మ మళ్లీ చెరువులో దిగి రొట్టె ఇయ్యాలి. నేనేమో కింది సెక్షన్లో ఉండా. చెప్తే తట్టుకోలేదు మేడం" అన్నాడు. రాత్రి లైట్లు ఆర్పాక అతని తలలో తిరిగేది ఇదే. గడియారం వెనక్కి జరగడం వల్ల చీకట్లో దొరికిన ఆ మూడు గంటలను ఈ ఆలోచనలు ఆక్రమించుకున్నాయి. ఆ ఆలోచనలు నిద్రను మరింత వెనక్కి నెట్టాయి.

చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు, అడగడం వల్ల పిల్లలకు చెప్పుకునే దారి దొరుకుతుంది. పొద్దున లేవకుండా ఉంటే బాగుండునని చాలాసార్లు అనిపించిందని, అంతకు మించి ఏమీ తలపెట్టలేదని చెప్పాడు. ముందే చెప్పినట్టు, అతని ఎదుటే తల్లిదండ్రులకు ఈ ఒక్క విషయం తెలియజేశాను. వరికి కొట్టే పురుగుమందులు, గుంటలకు వాడే రసాయనాలు, ఇంట్లో ఉన్న మందులు తాళం వేసి పెట్టమని, తాళంచెవి తండ్రి దగ్గరే ఉంచుకోమని కోరాను. అర్ధరాత్రి మనసు తట్టుకోలేనట్టు ఉంటే ముందు ఎవరిని లేపాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద అతని చేతే రాయించాను. అందులో టెలి మానస్ నంబరు 14416 కూడా ఉంది. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ఈ ఉచిత మానసిక ఆరోగ్య సేవలో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ చేయడానికి ఫోన్ ఉండాలి కాబట్టి, ఆ రోజే ఫోన్ తిరిగి ఇప్పించాను.

మిగతా కారణాలను త్వరగానే పక్కన పెట్టగలిగాం. గురక లేదు. గంజాయి, గుట్కా, ఎనర్జీ డ్రింకుల వాడకం లేదు. కుటుంబంలో బైపోలార్ జబ్బు (దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చేది) లేదు, నిద్ర తక్కువైనా ఉల్లాసంగా తిరిగిన రోజులు లేవు. హాస్టల్‌లో ఎవరైనా వేధించారా, ఒంటి మీద చేయి వేశారా అని కూడా అడిగాను, లేదన్నాడు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్ సరిగ్గానే ఉన్నాయి. ఫెరిటిన్ పరీక్షను నేను ముఖ్యంగా ఆడపిల్లల్లో వదిలిపెట్టను: ఐరన్ నిల్వలు తగ్గితే పడుకోగానే కాళ్లలో ఏదో లాగినట్టు, కదపకుండా ఉండలేనట్టు అనిపించి నిద్ర దూరమవుతుంది, రక్తహీనత కనిపించకముందే ఇది మొదలవుతుంది.

పీహెచ్‌క్యూ అనే, డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళిలో 27కి 17 వచ్చింది (అంకె పెరిగితే తీవ్రత ఎక్కువ). నిద్ర డైరీ, మూడు నెలలకు పైబడిన చరిత్ర, స్వేచ్ఛగా పడుకుంటే నిద్ర నాణ్యత బాగుండటం చూశాక రెండు నిర్ధారణలు రాశాను: ఒక మోస్తరు మించిన డిప్రెషన్, దానితో పాటు నిద్ర వేళ వెనక్కి జరిగే రుగ్మత. ఏది ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్న తండ్రి అడిగారు. అతని విషయంలో వేళ జరగడం పదో తరగతిలోనే మొదలై ఉండవచ్చు, అప్పట్లో బడి తొమ్మిదింటికి కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఆ ముందువెనకల మీద చికిత్స ఆధారపడదు.

చికిత్స

మొదట పొద్దున లేచే వేళను పట్టుకున్నాం. ఈ పిల్లలను తెల్లవారుజామునే లేపి ఎండలో నిలబెడితే గడియారం ముందుకు వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి, సహజంగా మెలకువ వచ్చే వేళకు సుమారు రెండు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత అత్యల్పానికి చేరుతుంది. ఆ బిందువు దాటాక పడే వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంతకుముందు పడే వెలుగు వెనక్కి నెడుతుంది. పదకొండుకు లేచే పిల్లవాడిని ఆరింటికి వెలుగులోకి లాగితే ఫలితం తలకిందులు కావచ్చు. అందుకే పదిన్నరతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరిపాం. లేచిన వెంటనే ఆరుబయట అరగంట ఉండాలి. అవి ఈశాన్య రుతుపవనాల రోజులు, ఆకాశం మబ్బుగా ఉండేది. అయినా పరవాలేదని చెప్పాను, ఎందుకంటే మబ్బు పట్టిన పగలైనా బయటి వెలుగు వేల లక్స్‌లలో ఉంటుంది, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అది కొన్ని వందలు దాటదు.

ఆ అరగంట ఏం చేయాలన్నది తండ్రి ఆలోచన. గుంటలో మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు ఎత్తే పని కొడుక్కి అప్పగించారు. గట్టు మీద నడిచి, ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూడాలి. నాలుగు రొయ్యలను అరచేతిలోకి తీసుకుని, వీపు వెంబడి పేగు గీత నిండుగా, నల్లగా ఉందా, తెగిపోయి ఉందా చూసి పుస్తకంలో రాయాలి. డిప్రెషన్‌లో మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఎదురుచూడకుండా, చిన్న పనితో మొదలుపెట్టి మనసును వెంట తెచ్చుకోవడం ఒక ప్రామాణికమైన చికిత్సా పద్ధతి. ఈ పనికి మార్కులు లేవు, సెక్షన్లు లేవు. అబ్బాయి రాసిన లెక్క చూసి తండ్రి మేత తగ్గించిన రోజున, ఇంట్లో అతని స్థానం కొంత మారిందని తల్లి తర్వాత చెప్పింది.

రాత్రి వైపు నియమాలు తక్కువే పెట్టాను. నిద్ర వచ్చినప్పుడే పక్క మీదికి వెళ్లాలి. చాలాసేపు పట్టకపోతే లేచి మసక వెలుగులో కూర్చోవాలి, మళ్లీ కళ్లు మూతలు పడినప్పుడే వెళ్లాలి. పక్క మీద చదువు వద్దు. సాయంత్రం ఆరింటి టీ మానాలి. కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఫోన్ పది దాకా అతని దగ్గరే, ఆ తర్వాత వంటింట్లో చార్జింగులో. ఈ నియమం తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది, గుంటల కోసం తండ్రి ఫోన్ ఒక్కటే మినహాయింపు. ఆదివారం కూడా అదే వేళకు లేవాలి. దీనికి అతను బాగా పేచీ పెట్టాడు, గంట సడలింపు ఇచ్చాను. తక్కువ మోతాదు మెలటోనిన్ కొన్ని వారాలు వాడాం. దాన్ని పడుకునే ముందు నిద్రమాత్రలా వేసుకుంటే ఈ సమస్యలో పెద్దగా ఫలితం ఉండదు. సహజంగా నిద్ర పట్టే వేళకు కొన్ని గంటల ముందే, సాయంత్రం వేసుకుంటే గడియారానికి సంకేతంగా పనిచేస్తుంది.

కాలేజీతో మాట్లాడాను. పొద్దుటి స్టడీ అవర్ నుంచి మినహాయింపు ఇవ్వలేమన్నారు. దాంతో తల్లిదండ్రులు అతన్ని తొమ్మిదిన్నరకు తరగతులు మొదలయ్యే మరో కాలేజీలో డేస్కాలర్‌గా చేర్చారు. కట్టిన ఫీజు వదులుకోవడం ఆ కుటుంబానికి చిన్న విషయం కాదు, రొయ్య ధర పడిపోయిన సమయంలో మరీను. వారి నిర్ణయం పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది.

ఆరు వారాలు గడిచేసరికి పదకొండున్నరకు నిద్రపోయి ఏడున్నరకు లేస్తున్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు, ఇక నయమైపోయిందనుకున్నారు. పీహెచ్‌క్యూ మాత్రం 14 దగ్గర ఆగింది. చిరాకు తగ్గింది, పగలు తూగడం తగ్గింది; నిరాశ, తప్పు చేశానన్న భావం, ఆసక్తి లేకపోవడం అలాగే ఉన్నాయి. నిద్ర సరిదిద్దితే మనసు దానంతట అదే సర్దుకుంటుందని ఆశపడటం ఇక్కడే ప్రమాదకరం. వారం వారం కౌన్సెలింగ్ కొనసాగిస్తూనే డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటీన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తర్వాత 20కి పెంచాను. ఈ మందు కొందరిలో నిద్రను చెదరగొడుతుంది కాబట్టి ఉదయమే ఇచ్చాను. ఇలాంటి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొద్దిమంది పిల్లల్లో అలజడి, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరిక చేర్చింది. ఆ మాట దాచకుండా తల్లిదండ్రులకు చెప్పి, అకస్మాత్తుగా అశాంతిగా తిరగడం, మాటతీరు మారడం వంటివి కనిపిస్తే వెంటనే రమ్మన్నాను. హెచ్చరిక చూసి అవసరమైన పిల్లవాడికి మందు ఇవ్వకుండా ఉండటం కూడా ప్రమాదమే.

సంక్రాంతి తర్వాత జరిగిన కుటుంబ సమావేశంలో సెక్షన్ల సంగతి, రొట్టె సంగతి అతనే తల్లికి చెప్పాడు. ఆ విషయాలు అంతవరకు నేను ఆమెకు చెప్పలేదు. ఆమె చాలాసేపు ఏడ్చి, "నువ్వు చదువు మీద ఇష్టంతో ఉండాలని పట్టుకున్నా నాయనా, ర్యాంకు కోసరం కాదు" అన్నది. ఈ సమావేశం తర్వాతే అతను పరీక్షల భయం గురించి కౌన్సెలింగ్‌లో నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఫిబ్రవరి చివరికి పీహెచ్‌క్యూ 6కు వచ్చింది.

మార్చిలో పబ్లిక్ పరీక్షలప్పుడు నిద్ర మళ్లీ ఒంటిగంటన్నరకు జారింది. రాత్రి మేలుకుని చదివితే తప్ప గుర్తుండదన్న నమ్మకం అతనిలో అప్పటికీ బలంగా ఉంది. చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే అని వివరించినా, ఆ వారం నా మాట చెల్లలేదు. పడుకునే వేళ గురించి వాదించడం మానేసి, లేచే వేళను మాత్రం ఏడున్నర దాటనివ్వవద్దని తల్లిని కోరాను. పరీక్షలన్నీ రాశాడు. ఏప్రిల్ రెండో వారానికి నిద్ర పాత వేళకు చేరింది.

ఇప్పుడు సెకండియర్ చదువుతున్నాడు, నెలకోసారి డైరీతో వస్తాడు. లక్షణాలు పూర్తిగా తగ్గాక కనీసం ఆరు నెలలైనా మందు కొనసాగించాలి; పరీక్షల ముందు ఆపే ప్రసక్తి లేదు కాబట్టి, వచ్చే వేసవిలో, ఫలితాల హడావుడి ముగిశాక నెమ్మదిగా తగ్గించాలని అనుకుంటున్నాం. అంతవరకు వరుసగా నాలుగు రోజులు రాత్రి ఒంటిగంట దాటినా, క్రికెట్ మానేసినా, తిండి తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చేయమని తల్లిదండ్రులతో పాటు అతనికీ చెప్పాను. జూలైలో ఒకసారి అతనే చేశాడు.